‘రోగనిరోధక శక్తి’ అను మాట: ఒక విమర్శ

అనంతపురము మెట్టసీమలో చెరువు క్రింది పైరు వాడినప్పుడు రైతు మొదట వేసికొను ప్రశ్నలు రెండు. చెరువులో నీరే లేదా? లేక నీరుండియు తూము మూసియున్నదా? పైరు మాత్రము రెండు సందర్భములలోను ఒక్కతీరుగనే ఎండును. చేయవలసిన పని వేరు. మొదటిదానికి వాన కురియవలెను. రెండవదానికి నీరుగంటి కట్టమీదికి పోవలెను. ఏటికి సగటున 500 మిల్లీమీటర్లకు కొంచెము పైగా మాత్రమే వాన పడు ఈ సీమలో ఈ భేదము చిన్నపిల్లలకు సయితము తెలియును.

శరీరరక్షణను గూర్చి వ్రాయునప్పుడు మాత్రము ఈ వివేకము తెలుగు వ్రాతలలో తరచుగా కనబడదు. ‘రోగనిరోధక శక్తి’ అను మాట 2020లో కరోనా వ్యాధి వ్యాపించిననాటినుండి ప్రతి నోటను వినబడుచున్నది. కషాయము, పొడి, లేహ్యము, పండ్లరసము అన్నియు ఆ శక్తిని ‘పెంచును’ అని ప్రకటనలు. కాన్సరు చికిత్సలో ‘ఇమ్యునోథెరపీ’ అను కొత్త పద్ధతిని పరిచయము చేయువారు కూడ ఇదే అచ్చులో వాక్యమును పోయుచున్నారు: “రోగి శరీరములోని రోగనిరోధక శక్తిని పెంచి కాన్సరును చంపు చికిత్స.”

ఈ వాక్యము ఎంతవరకు నిజము? దీనిని పరీక్షించుటకు పెద్దప్రేగు, పురీషనాళము కాన్సర్ల చరిత్ర తగిన ఒరగల్లు. ఈ చికిత్స అత్యద్భుతముగా ఫలించినదియు, పూర్తిగా విఫలమైనదియు ఆ ఒక్క వ్యాధిలోనే కనబడినది. ఇది కేవలము మాటల తగవు కాదు. మాట తప్పుదారి చూపినచో రోగి కాలమును, ధనమును పోగొట్టుకొనును.

మాట వచ్చిన దారి

ఇంగ్లీషులోని ‘ఇమ్యూనిటీ’కి మూలము లాటిను భాష. రోమనుల కాలమున ప్రజాసేవలనుండి, పన్నులనుండి పొందిన మినహాయింపునకు ఆ పేరు. తెలుగునాట మాన్యపు భూమికి శిస్తు లేనట్టిదే ఇదియు. మశూచి ఒకసారి సోకి బ్రతికినవానికి ఆ వ్యాధి సాధారణముగా మరల రాదు. ఆ రోగము విషయమున వానికి మాన్యము దొరికినదన్నమాట. శాస్త్రగ్రంథములలో దీనికి ‘అసంక్రామ్యత’ అను తెలుగు పేరు ఏర్పడినది. అంటు సోకకుండుట అని దాని భావము. టీకాలను గూర్చిన పాఠమునకు అది చక్కగా ఒదుగును. కాని పెద్దప్రేగు కాన్సరు ఒకరినుండి ఒకరికి అంటు వ్యాధి కాదు. అక్కడ ఆ మాట నిలువదు.

వాడుకలో గెలిచినది ‘రోగనిరోధక శక్తి’. ఏడవ తరగతి పిల్లవానికి కూడ విన్నంతనే అర్థమగుట దాని గుణము. దోషమంతయు చివరి పదములో నున్నది. శక్తి యనగానే ఒకే కొలతగల వస్తువు మనస్సునకు తోచును. అది ఎక్కువగా నుండవచ్చును, తక్కువగా నుండవచ్చును. తిండితోనో మందుతోనో పెంచవచ్చును. నిజమునకు శరీరరక్షణ అనునది అనేక జాతుల కణములు, మాంసకృత్తులు, సంకేతములు కలిసిన వ్యవస్థ. అందులో పురికొల్పు భాగములతోపాటు అడ్డగించు భాగములును ఉన్నవి. ఆ అడ్డు తొలగినచో రక్షణకణములు సొంత శరీరముపైననే పడి కీళ్ళను, థైరాయిడ్ గ్రంథిని, ప్రేగులను పాడుచేయును.

ఈ అడ్డగించు పనికే ప్రత్యేకముగా ఒక తెగ కణములున్నవని జపాను శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగూచి 1995లో చూపెను. వానికి ‘నియంత్రక టి-కణములు’ అని పేరు. వాని పుట్టుకను శాసించు జన్యువును గుర్తించిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అనువారితో కలిపి ఆయనకు 2025లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమానము లభించినది. శరీరము తన్ను తాను ఎట్లు కాపాడుకొనును అను ప్రశ్నకు సగము సమాధానము, తన్ను తాను ఎట్లు నిగ్రహించుకొనును అనుటలో నున్నది. ‘శక్తి’ అను మాటలో ఈ రెండవ సగమునకు చోటు లేదు.

నీరున్న చెరువు

2006లో ఫ్రాన్సుదేశపు శాస్త్రజ్ఞుడు జెరోమ్ గలోన్, ఆయన సహచరులు ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశీలనను ప్రకటించిరి. శస్త్రచికిత్సలో తీసివేసిన పెద్దప్రేగు కణితులలో రక్షణకణములు ఏ తెగవి, ఎన్ని, ఏ భాగమున చేరియున్నవి అని వారు లెక్కించిరి. కణితి ఎంత లోతు పాకినది, ఎంత దూరము వ్యాపించినది అని చూచు వాడుక కొలతలకంటె ఈ లెక్కయే రోగి భవిష్యత్తును బాగుగా సూచించినది.

ఇందులో గమనింపదగినది, వారు రోగి దేహదారుఢ్యమును కొలువలేదు. కణితిలోపల ఏమి జరుగుచున్నదో చూచిరి. ఎద్దువలె బలిష్ఠుడైన మనుష్యుని కణితిలో ఒక్క టి-కణము సరిగా అడుగిడక పోవచ్చును. బక్కచిక్కిన వృద్ధురాలి కణితిలో అవి క్రిక్కిరిసి యుండవచ్చును.

చేరిన కణములన్నియు పని చేయునా? చేయవు. కారణము కొంత ముందుగనే తెలిసియుండెను. టి-కణముపై పి.డి.-1 అను మాంసకృత్తు కలదు. దీనిని 1992లో జపానులో తసుకు హోంజో బృందము కనుగొనినది. ఇది టి-కణమును ఆపు పగ్గమని తరువాత తేలినది. ఎదుటి కణము ఆ పగ్గమును పట్టి లాగినచో టి-కణము దాడి మానును. ఆరోగ్యవంతమైన కణములు ఆత్మరక్షణకై వాడుకొను ఈ ఉపాయమును కాన్సరు కణములు దొంగిలించును. సి.టి.ఎల్.ఎ.-4 అను మరియొక పగ్గమును అడ్డగించినచో ఎలుకలలో కణితులు కరగునని అమెరికాలో జేమ్స్ ఆలిసన్ చూపెను. హోంజో, ఆలిసన్లకు 2018లో నోబెల్ బహుమానము వచ్చినది.

ఈ పరిశోధనలనుండి పుట్టిన మందులు టి-కణమునకు కొత్త బలమునీయవు. దానిని పట్టియుంచిన పగ్గమును వదలించును. తూము తెరచినవాడు వాన కురిపించినవాడు కాడు. “శక్తిని పెంచు చికిత్స” అను వాక్యము ఇక్కడనే మొదటిసారి తప్పినది.

నలుగురు, సున్న, పన్నెండుగురు

2015లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు పెంబ్రోలిజుమాబ్ అను మందుతో చేసిన ప్రయోగఫలితము వెలువడినది. ఇది పి.డి.-1 పగ్గమును వదలించు మందు. వ్యాపించిన పెద్దప్రేగు కాన్సరుగల రోగులను రెండు గుంపులుగా చూచిరి. మొదటి గుంపులో పదిమందికి నలుగురిలో కణితులు గణనీయముగా తగ్గినవి. రెండవ గుంపులో పదునెనిమిదిమందికి ఒక్కరిలోను తగ్గలేదు. వ్యాధి అదే, మందు అదే. రెండవ గుంపువారందరు ‘శక్తి’ తక్కువవారు అనుకొనుటకు ఆధారమేమియు లేదు. భేదము రోగిలో గాక కణితిలో నున్నది.

కణము రెండుగా చీలునప్పుడు దానిలోని డి.ఎన్.ఏ.కు నకలు తయారగును. నకలులో తప్పులు దొరలును. వానిని సరిదిద్దుటకు, అచ్చుకూటములో ప్రూఫు దిద్దువానివలె, కొన్ని మాంసకృత్తులు ప్రతి కణములోను పని చేయుచుండును. ఆ దిద్దుబాటు చెడిన కణితులలో తప్పులు కుప్పలుగా పేరుకొనును. తప్పు జన్యువునుండి తప్పు మాంసకృత్తు పుట్టును. అది టి-కణమునకు పరాయిదిగా తోచును. అట్టి కణితిలోనికి టి-కణములు గుంపులుగా చేరును. వానిని ఆపినది ప్రధానముగా పగ్గమే. పగ్గము వదలగనే అవి పని ప్రారంభించును. పై ప్రయోగములోని మొదటి గుంపు ఇట్టి కణితులు గలది. మొత్తము పెద్దప్రేగు కాన్సర్లలో ఇవి సుమారు నూటికి పదునైదు. శరీరమంతట వ్యాపించిన దశలో నూటికి అయిదు మాత్రమే.

ఇక 2022 జూన్‌లో వచ్చిన వార్త. న్యూయార్కులోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ కాన్సరు కేంద్రపు వైద్యులు దోస్తార్లిమాబ్ అను అదే కోవ మందును పురీషనాళపు కాన్సరుగల పన్నెండుమందికి మూడువారములకొకసారి ఆరునెలలపాటు ఇచ్చిరి. పన్నెండుమందిలోను కణితి జాడ లేకుండ పోయినది. శస్త్రచికిత్స గాని, కిరణచికిత్స గాని వారికి అప్పటికి అవసరము కాలేదు. 2025లో ఆ బృందమే ప్రకటించిన విస్తృత ఫలితములలో చికిత్స ముగించిన 49 మంది పురీషనాళ కాన్సరు రోగులకును ఇట్లే జరిగినది. నిస్సందేహముగా ఇది వైద్యచరిత్రలో గొప్ప ఘట్టము.

అయితే పత్రికా శీర్షికలు దానిని “కాన్సరుకు మందు దొరికినది” అని చాటినవి. ఆ పరిశోధనపత్రమును చదివినచో షరతు దాని పేరులోనే కనబడును: దిద్దుబాటు చెడిన కణితులు, అవియు పురీషనాళమున స్థానికముగా పెరిగి, దూరావయవములకు పాకనివి. పురీషనాళపు కాన్సర్లలో ఇట్టివి నూటికి అయిదునుండి పదివరకు మాత్రమే. శాస్త్రజ్ఞులు హద్దులు గీసి చెప్పిన మాటను శీర్షిక హద్దులు చెరిపి చెప్పినది. ఈ తప్పునకు మూలము కూడ ఆ ‘శక్తి’ పదమే. ఉన్నది ఒకే శక్తియైనచో, దానిని పెంచు మందు ఒకరికి పనిచేసిన అందరికిని పనిచేయవలెను గదా!

ఒక తూము కాదు

మిగిలిన కణితులలో అడ్డు ఎక్కడ నున్నది? ఇదియే నేటి పరిశోధనల ముఖ్యప్రశ్న. వానిలో నకలు తప్పులు తక్కువ. టి-కణమునకు పరాయిదిగా కనబడునది కొద్ది. కొన్ని కణితుల చుట్టు నారకణములు గోడవలె ఏర్పడి టి-కణములను వెలుపలనే నిలుపును. టి.జి.ఎఫ్.-బీటా అను సంకేతమాంసకృత్తు ఆ గోడను బలపరచుటయేగాక, వచ్చిన టి-కణములను నిస్తేజపరచును. సకగూచి కనుగొనిన నియంత్రక కణములు లోపల చేరును. ఎముకల మూలుగనుండి పుట్టిన మరికొన్ని పరిపక్వముకాని కణములు వానికి తోడగును. పి.డి.-1 తూమును తెరచినను, దిగువ కాలువ పూడియున్నచో చేనికి నీరు చేరదు.

అట్లని ఈ కణితులపై ఆశ వదలుకొనుటయు తొందరపాటే. 2020లో నెదర్లాండ్సు వైద్యులు ‘నిషే’ అను ప్రయోగఫలితమును ప్రకటించిరి. ఇందులో రోగము వ్యాపింపకముందే, శస్త్రచికిత్సకు ముందు, రెండు పగ్గములను వదలించు మందులను కలిపి కొద్దివారములపాటు ఇచ్చిరి. దిద్దుబాటు చెడిన కణితులలో ఇరువదింటికి ఇరువదియు లొంగినవి. దిద్దుబాటు చెడని కణితులలో సయితము పదునైదింటికి నాలుగు లొంగినవి. 2015లో సున్న వచ్చినచోట, వేరొక దశలో వేరొక విధముగా ప్రయత్నించినప్పుడు నాలుగు వచ్చినవి. సంఖ్య చిన్నది, కాని ఆ చెరువు పూర్తిగా ఎండినది కాదని అది సూచించుచున్నది.

కొత్తగూడెమునుండి మెంఫిసుకు

‘శక్తిని పెంచుట’ తప్పు అన్నంతమాత్రమున ‘పగ్గము విప్పుట’ అను నినాదము ఒప్పగునా? ఈ ప్రశ్నకు తెలుగు శాస్త్రజ్ఞురాలు ఒకరి ప్రయోగశాల ఇచ్చిన సమాధానము విశేషమైనది.

కన్నెగంటి తిరుమలాదేవి తెలంగాణములోని కొత్తగూడెమున పుట్టి, కాకతీయ, ఉస్మానియా విశ్వవిద్యాలయములలో చదివిరి. ఆమె తొలి పరిశోధనలు పంటలను పట్టు శిలీంధ్రవిషములను గూర్చినవి. మిరపకాయలలోని ఓక్రాటాక్సిన్ విషమును గుర్తించు పద్ధతిపై ఆమె వ్యాసము 2000లో వెలువడినది. కోతకు ముందు వాన ముఖము చాటువేసిన ఏడాది అనంతపురము వేరుశనగను పీడించు ఆఫ్లాటాక్సిన్ కూడ ఈ కోవలోని విషమే. పైరు రోగములనుండి మనుష్యుల రక్షణవ్యవస్థకు మరలిన ఆమె 2007లో అమెరికాలోని మెంఫిసు నగరమున సెయింట్ జూడ్ పరిశోధనాలయమున చేరిరి.

ఆమె బృందపు పరిశోధనలలో రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చదువవలెను. మొదటిది 2011 నాటిది. ఎన్.ఎల్.ఆర్.పి.-12 అను మాంసకృత్తు ప్రేగులో వాపును అదుపులో నుంచు పగ్గము. ఆ పగ్గము లేని ఎలుకలకు ప్రేగుపుండ్లను, కణితులను కలిగించు రసాయనములనిచ్చిరి. వానిలో వాపు హెచ్చినది, కణితులును హెచ్చినవి. రెండవది 2021 నాటిది. ఏ.డి.ఏ.ఆర్.-1 అను మాంసకృత్తు మరియొక పగ్గము. ప్రమాదమును పసిగట్టి కణమును మరణమునకు పురికొల్పు జెడ్.బి.పి.-1 అను కావలివానిని అది అణచియుంచును. రక్షణకణములలో ఒక తెగనుండి ఈ పగ్గమును తొలగించిన ఎలుకలలో పెద్దప్రేగు కణితులు తగ్గినవి. ఆ కావలివాని ముఖ్యభాగమును కూడ తొలగించినప్పుడు కణితులు మరల పెరిగినవి.

ఒక పగ్గము తీసినచో కాన్సరు పెరిగినది. మరియొకటి తీసినచో తగ్గినది. ఇందులో వైరుధ్యము లేదు. మొదటి సందర్భమున విడుదలయైనది ప్రేగును నిరంతరము రగిలించు వాపు. రెండవ సందర్భమున విడుదలయైనది కణములను మరణమునకు పంపు సంకేతము. మనుష్యులలో కూడ పెద్దప్రేగుపూత వ్యాధి ఏండ్లతరబడి పీడించినవారికి ఆ ప్రేగు కాన్సరు ముప్పు హెచ్చు. అక్కడ రక్షణవ్యవస్థ మందగించుట కాదు, అదుపుతప్పి రేగుటయే కారణము. కావున ‘పెంచుట’ ఎంత గ్రుడ్డిమాటయో ‘విప్పుట’యు అంతే. ఏ పగ్గము, ఏ కణములో, ఏ దశలో అని అడిగినప్పుడే అది శాస్త్రమగును. ఇవి ఎలుకలలోని ఫలితములనియు, రోగికి మందుగా మారుటకు దారి ఇంకను దూరమనియు మరువరాదు.

ఉపమానపు హద్దు

చెరువు, తూము అను పోలికకు కూడ హద్దు కలదు. తూము తెరచినచో నీరు పల్లమునకే పోవును. టి-కణములు ఎటైనను పోగలవు. పగ్గము వదలించు మందులు పుచ్చుకొన్న కొందరిలో అవి పెద్దప్రేగును, ఊపిరితిత్తులను, థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీయుట వైద్యులు చూచుచున్నారు. అప్పుడు ఆ దాడిని అణచుటకు వేరే మందులీయవలసివచ్చును. పిల్లలకు పోలిక చెప్పు ఉపాధ్యాయుడు అది ఎక్కడ తెగునో కూడ చెప్పినచో పాఠము పూర్తియగును.

ఇక మాట వలన జరుగు నష్టము. కరవుసీమలో మనిషి పాలిపోయి, నీరసించి కనబడినచో అది తిండిలేమి యని అందరును అనుకొందురు. అది చాలవరకు నిజమును కావచ్చును. కాని పెద్దప్రేగు కుడిభాగపు కాన్సరు కంటికి కనబడని రక్తస్రావముతో మొదట రక్తహీనతగనే బయటపడవచ్చును. మలముతో రక్తము పడినచో మొలలని ఊరుకొనుట కలదు. అట్టివాడు ‘శక్తి’ తగ్గినదని నమ్మి బలపుమందు సీసాలు కొనుచు నెలలు గడపినచో, కణితి స్థానికముగా నున్న దశ దాటిపోవును. పైన చెప్పిన గొప్ప ఫలితములలో పెక్కు ఆ దశలోనివే.

రాగిసంకటి, కొర్రన్నము మంచి ఆహారమే. పొట్టుతీయని ధాన్యములు తినువారిలో పెద్దప్రేగు కాన్సరు కొంత తక్కువగా కనబడుచున్నది. అది రోగము రాకుండుటకు సంబంధించిన మాట. వచ్చిన కణితిలోని అడ్డును తొలగించు మాట కాదు. కణితి ఉన్నదని తేలినప్పుడు రోగి బంధువులు వైద్యుని అడుగవలసినది శక్తి పెంచు మందేది యని కాదు. ముక్కపరీక్షలో దిద్దుబాటు మాంసకృత్తులు ఉన్నవా, లేవా యని. చికిత్సయొక్క దారి ఆ ఒక్క సమాధానముతో మారవచ్చును.

‘రోగనిరోధక శక్తి’ని వాడుకనుండి తొలగించుట ఎవరి తరమును కాదు, తొలగింప నక్కరయు లేదు. టీకాల పాఠములో అది ఉండనిండు. కాన్సరు పాఠమునకు వచ్చినప్పుడు ‘శరీరరక్షణ వ్యవస్థ’ అనుట మేలు. అప్పుడు పరిచయవాక్యము ఇట్లు మారును: “కణితి తనపై దాడిని ఎచ్చట అడ్డగించుచున్నదో కనుగొని, ఆ అడ్డును తగినంతవరకు తొలగించు చికిత్స.” ఇది పాతదానికంటె కొంచెము పొడవైనది. కాని దీనిని విన్న విద్యార్థి వెంటనే “ఎచ్చట?” అని అడుగును. పాతవాక్యము విన్నవాడు “ఎంత ధర?” అని అడుగును. తరగతిలో మొదటి ప్రశ్న పుట్టించు వాక్యమే పాఠమునకు తగినది.